జేసీబీకి ఫోన్ చేసే ముందు

ఉగాది దాటిందంటే మా నారాయణఖేడ్ దిక్కు ఊళ్లలో రెండు చప్పుళ్లు ఎక్కువవుతాయి. ఒకటి పెళ్లి బ్యాండు, రెండోది జేసీబీ. తాత ముత్తాతలు కట్టిన ఇల్లు పొద్దున చాయ్ తాగి వచ్చేలోపు మట్టికుప్ప అయిపోతుంది. మధ్యాహ్నానికి ట్రాక్టర్లు ఆ కుప్పను ఊరి బయట పోసి వస్తాయి. సాయంత్రానికి ఎవరో ఒక తమ్ముడు రీల్ పెడతాడు. వెనక సెంటిమెంట్ పాట, పైన 'మిస్ యూ తాతా' అని అక్షరాలు.

ఆ తమ్ముణ్ణి ఎగతాళి చేయట్లేదు. మట్టి గోడ కూలి నిద్రలోనే మనుషులు పోయారన్న వార్త ప్రతి జులైలోనూ ఆగస్టులోనూ చదువుతూనే ఉంటాం కదా. పాతదంతా బంగారం, కొత్తదంతా చెత్త అనే బాపతు కాదు నేను. కానీ నాకు మెసేజ్ పెట్టే వాళ్లలో పదిమందికి ఎనిమిదిమంది అడిగేది ఒక్కటే: 'అన్నా, ఊళ్లో పాత ఇల్లుంది, కూలగొట్టి కట్టాలా, బాగు చేసి పెంచుకోవాలా?' ఈ ప్రశ్నకు జవాబు ఇంటి వయసులో ఉండదు. ఆ ఇంటి బరువును ఏది మోస్తోంది, నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయి, కాగితం ఎవరి పేరు మీద ఉంది అనే మూడింట్లో ఉంటుంది. మేం ఆ మూడూ మా బోరంచ ఇంటి మీదే చూసుకున్నాం కాబట్టి ఆ ఇంటి సంగతే చెబుతా.

బోరంచ అంటే చాలామందికి నల్లపోచమ్మ గుడి గుర్తొస్తుంది. సంగారెడ్డి జిల్లా మనూరు మండలం, మంజీర ఒడ్డు. ఇటు తెలంగాణ నుంచే కాదు, అటు కర్ణాటక, మహారాష్ట్రల నుంచి కూడా మొక్కులు తీర్చుకోవడానికి వస్తారు. ఊళ్లో ఎవరికి ఇల్లున్నా, ఆ ఇంట్లో ఎవరూ ఉండకపోయినా, అమ్మవారి పేరు మీద సంవత్సరానికి ఒకసారైనా చుట్టాలంతా దిగుతారు. అందుకే మా దిక్కు పాత ఇల్లు అంటే ఖాళీ ఇల్లు కాదు. ఏడాదంతా ఒక ముసలావిడ, రెండు రోజులు నలభై మంది.

మా ఇంట్లో ఏడాదంతా ఉండేది మా నాయినమ్మ. ముగ్గురు కొడుకుల్లో ఒకరు ఖేడ్‌లో, ఒకరు పటాన్‌చెరులో, మా నాయిన హైదరాబాద్‌లో. ఒక బిడ్డ, మా అత్త, జహీరాబాద్‌లో. ఇంటిది భవంతి కట్టడం. నడుమ ఆకాశం కనిపించే ఖాళీ, చుట్టూ దాలాన్, దాని వెనక అర్రలు, ముందు పెద్ద దర్వాజ. రెండడుగుల మందం మట్టి గోడలు, కింద మూడడుగుల దాకా రాయి, పైన మట్టి మిద్దె. వెనకవైపు పశువుల కొట్టం, పశువులు పోయి ఇరవై ఏళ్లయింది. బాత్రూమ్ లేదు. అర్ధరాత్రి టార్చి పట్టుకొని వెనక దొడ్లోకి పోవాలి. ఎనభై దాటిన మనిషి. అసలు పని మొదలైంది ఆ బాత్రూమ్ దగ్గరే, వారసత్వం మీద ప్రేమతో ఏమీ కాదు.

చిన్నకాక మాట సూటిగా ఉంటుంది. "కూలగొడ్దాం. మూడు బెడ్రూముల స్లాబు ఏద్దాం. ఒక్కటే సారి ఖతం." ఫోన్లో ప్లాన్ కూడా పంపాడు. ఎలివేషన్ మీద ఎల్ఈడీ లైట్లు కూడా ఉన్నాయి దాంట్లో.

సరే, ముందు బరువు సంగతి.

మన పాత మిద్దె ఇళ్లలో చాలావాటిలో కప్పు బరువు గోడ మీద పడదు. టేకు స్తంభాల మీద పడుతుంది. స్తంభాల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, దంతెల మీద చెక్కలో కట్టెపుల్లలో పరిచి, ఆ పైన మట్టి. గోడ పని ఎండను, దొంగను, గాలిని ఆపడం. కొన్ని ఇళ్లలో స్తంభాలు గోడలోనే పూడిపోయి ఉంటాయి, పైకి కనిపించవు. కాబట్టి గోడకు చీలిక రాగానే ఇల్లు పోయిందని అనుకోనక్కర్లేదు. గోడ బాగున్నట్టు కనిపించినంత మాత్రాన ఇల్లు బాగున్నట్టూ కాదు. స్తంభం మొదట్లో, నేలను తాకే చోట, ఒక స్క్రూడ్రైవర్ తీసుకొని పొడిచి చూడండి. సగం లోపలికి దిగితే చెద తినేసినట్టే. దిగకుండా టక్కుమంటే ఆ టేకు మీ మనవళ్లను కూడా మోస్తుంది. దూలం గోడలోకి దూరే చోటు కూడా అంతే, తేమ అక్కడే చేరుతుంది.

మా ఇంట్లో పదహారు స్తంభాలకు రెండే పోయాయి. ఆ రెండూ ఈశాన్యం మూలవి, సరిగ్గా కప్పు కారే చోట.

ఇక్కడ ఒక బేరగాడి సంగతి చెప్పాలి. పాత టేకు కొనేవాళ్లు ఊరూరూ తిరుగుతుంటారు. "దూలాలు మాకియ్యి, కూలగొట్టుడు ఫ్రీ, మీదికెల్లి పైసలు" అంటారు. మస్తు ఆశగా ఉంటుంది. మా పక్క వాడలో ఒకాయన అట్లనే దూలాలు, స్తంభాలు అన్నీ అమ్ముకొని, మట్టి గోడలు అట్లనే ఉంచి వాటి మీద స్లాబ్ వేయించాడు. 'గోడలు గట్టిగున్నయి కదా' అని మేస్త్రీ అన్నాడట. నిజమే, గట్టిగా ఉన్నాయి. కానీ ఆ గోడలు పుట్టినప్పటి నుంచి కప్పును మోసి ఎరగవు. రెండో వానకాలానికి స్లాబ్ కింద గోడ పొట్ట తీసింది. మనుషులకు ఏమీ కాలేదు. స్లాబ్ కింద ఇనుప పైపులు పెట్టుకొని ఇప్పటికీ అట్లనే ఉంటున్నారు.

తమాషా ఏంటంటే స్లాబ్ అంత బరువేం కాదు. లెక్క వేద్దాం. పది బై పన్నెండు అర్ర, 120 చదరపు అడుగులు. మిద్దె మీద అడుగు మందం మట్టి ఉందనుకుంటే 120 ఘనపుటడుగులు. గట్టిపడిన మట్టి ఘనపుటడుగు దాదాపు 48 కిలోలు. అంటే ఆరు టన్నులకు దగ్గర. అదే అర్ర మీద అయిదు అంగుళాల కాంక్రీట్ స్లాబ్ వేస్తే మూడున్నర టన్నులు. మన తాతలు స్లాబ్ కంటే ఎక్కువ బరువే నెత్తి మీద పెట్టుకొని పడుకున్నారు. తేడా ఎక్కడుందంటే వాళ్లు ఆ బరువును కట్టెకు అప్పజెప్పారు, మనం మట్టికి అప్పజెబుతున్నాం.

పైగా ఆ మట్టి మందం ఏటా పెరుగుతుంది. కారిన చోటల్లా రెండు గంపల మట్టి పోసి తొక్కుతారు. మా ఈశాన్యం మూలన తవ్వితే అడుగున్నర దాటింది. వాన పడితే అది నీళ్లు తాగి ఇంకా బరువెక్కుతుంది. దంతెలు విరిగేది అప్పుడే, రాత్రిపూట, ముసురులో.

అందుకే మా మొదటి ఖర్చు కప్పు. సగానికి పైగా మట్టి దింపేశాం. పోయిన దంతెలు, రెండు స్తంభాలు మార్చాం. కొత్త టేకు కొనలేదు, కూలగొట్టిన వేరే ఇంటి పాత టేకే కొన్నాం. అంటే మేమూ ఆ బేరగాడి దగ్గరికే పోయాం, కాకపోతే అవతలి దిక్కు నుంచి. మిద్దె పైన రెండడుగులు ఖాళీ వదిలి, వాలుగా రేకుల కప్పు వేయించాం. ఆ రేకుల ఇనుప కాళ్లకు విడిగా పునాదులు పెట్టించాం. గోడల మీద నిలబెట్టలేదు. రేకు అంటే ఎండకు కాలిపోతాం అంటారు. రేకు కిందే పడుకుంటే నిజమే. కానీ రేకుకూ మనకూ మధ్య ఆరంగుళాల మట్టి, రెండడుగుల గాలి ఉంటే వేడి కిందికి దిగదు. చూరు రెండున్నర అడుగులు బయటికి వచ్చేటట్టు పెట్టించాం, వాన గోడకు కొట్టకుండా. రేకులను గాలిదుమారం లేపుకుపోకుండా ప్రతి కాలుకూ గట్టిగా బోల్టులు. నడుమ భవంతి మాత్రం తెరిచే ఉంది. దాన్ని మూసేస్తే నాయినమ్మ నన్ను ఇంట్లోకి రానీయదు.

పైనుంచి వచ్చే నీళ్లు అట్లా ఆగాయి. కింది నుంచి వచ్చే నీళ్ల సంగతి చాలామంది పట్టించుకోరు. మీ ఊళ్లో సీసీ రోడ్డు ఎన్నిసార్లు పడిందో గుర్తు తెచ్చుకోండి. పాతది తవ్వకుండా దాని మీదనే కొత్తది పోస్తారు. ఒక్కోసారి ఆరంగుళాలు. చిన్నప్పుడు మా కడప ఎక్కాలంటే రెండు మెట్లు ఉండేవి. ఇప్పుడు రోడ్డు నుంచి ఇంట్లోకి దిగాలి. ఊరి వాననీళ్లన్నీ మన గోడ మొదట్లోకే వస్తాయి. మట్టి గోడ పైన తడిస్తే ఆరుతుంది. మొదట్లో రోజుల తరబడి తడిస్తే అక్కడే మెత్తబడి కూర్చుంటుంది. మేం రోడ్డు వైపు గోడ పొడుగునా చిన్న కాలువ తవ్వించి, అడుగున రాళ్లు పరిచి, నీళ్లు దొడ్డివైపు పోయేలా వాలు పెట్టించాం. మొత్తం పనిలో అన్నింటికంటే చవకైన పని అదే. దాని ఫొటోకు ఒక్క లైకు కూడా రాలేదు.

గిలాబు గురించి నాకు కోపం ఉంది, ఇక్కడ కాస్త గట్టిగానే మాట్లాడతా. మట్టి గోడ ఊపిరి తీసుకుంటుంది. వానకాలం తేమ పీల్చుకుంటుంది, ఎండకాలం వదిలేస్తుంది. దాని మీద సిమెంట్ గిలాబు వేస్తే తేమ లోపలికి పోతుంది కానీ బయటికి రాలేదు. పైకి ఇల్లు తళతళలాడుతుంది, లోపల గోడ నానుతుంటుంది. మూడు నాలుగేళ్లకు పెంకులు పెంకులుగా ఊడిపోతుంది, ఊడేటప్పుడు ఒంటరిగా పోదు, రెండంగుళాల మట్టిని కూడా పట్టుకుపోతుంది. అప్పుడు "చూసిన్రా, మట్టి గోడ ఎంత బలహీనమో" అంటారు. అది మట్టి తప్పు కాదు స్వామీ.

ఇది మా మేస్త్రీ చాదస్తమో, నా చాదస్తమో అనుకుంటే హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరికి ఒకసారి పోయి రండి. 2013లో ఆగాఖాన్ ట్రస్ట్ వాళ్లు అక్కడ మరమ్మతులు మొదలుపెట్టాక చేసిన ముఖ్యమైన పనుల్లో ఒకటి, గత శతాబ్దంలో మరమ్మతుల పేరుతో పూసిన సిమెంటును చెక్కి తీసేయడం. దాని చోట మళ్లీ సున్నం పెట్టారు. రాజుల సమాధులకు పనికిరాని సిమెంట్ గిలాబు మా మట్టి గోడకు ఎట్లా పనికొస్తుంది? మేం గడ్డి తునకలు, పేడ కలిపి వారం రోజులు నానబెట్టిన ఎర్రమట్టితో మెత్తాం, పైన సున్నం. కింది మూడడుగుల రాతికట్టుకు సందుల్లో సున్నం నింపాం. ఈ పని తెలిసిన మనిషి దొరకడమే కష్టం. మా పక్క ఊళ్లో దొరికిన ఆయనకు డెబ్బై ఏళ్లు. కొడుకు టైల్స్ వేస్తాడు. "నా కొడుక్కు ఇది నేర్పియ్యలే, ఎవలడుగుతరు?" అన్నాడు, చేయి ఆపకుండా.

ఇప్పుడు కాగితాలు. ఇది బోర్ అనిపించి చాలామంది స్కిప్ చేస్తారు. ఇళ్లు ఎక్కువగా విరిగేది ఇక్కడే.

ఇంటి పన్ను పుస్తకంలో పేరు తాతది. తాత పోయి పదిహేనేళ్లు. ఊరి నడిమి ఇళ్లన్నీ గ్రామకంఠం, మా దిక్కు ఆబాది అంటారు. పొలానికి ఉన్నట్టు పట్టాపాస్‌బుక్ ఉండదు. ఇంటి నంబరు, పన్ను రసీదు, పంచాయతీ ఇచ్చే ధ్రువపత్రం, అంతే. బ్యాంకుకు పోతే లోన్ ఆఫీసర్ ఈ మూడింటినీ అటు తిప్పి ఇటు తిప్పి చూసి మొహం చిట్లిస్తాడు. కాబట్టి ఇట్లాంటి ఇంటి మీద ఖర్చంతా అన్నదమ్ముల జేబుల్లోంచే వస్తుంది. జేబులోంచి పెట్టినవాడు రేపు ఏమంటాడు? "నేను పెట్టిన, ఇల్లు నాది" అంటాడు. పెట్టనివాడు "నువ్వు పెట్టుకుంటే పెట్టుకున్నవ్, నా వాటా నాకున్నది" అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతారు.

ఇక్కడ ఇంకో మనిషిని అందరూ మరిచిపోతారు. ఇంటి ఆడబిడ్డ. హిందూ వారసత్వ చట్టం 1956లో వచ్చింది. తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆయన సొంత ఆస్తిలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా అని అందులో మొదటి నుంచీ ఉంది. కానీ అదే చట్టంలో 23వ సెక్షన్ అని ఒకటి పెట్టారు. కుటుంబం ఉంటున్న ఇంటిని పంచమని కూతురు అడగడానికి వీల్లేదు, మగ వారసులు పంచుకుందాం అనుకున్నప్పుడే ఆమెకూ పంచాలి. అప్పటిదాకా ఆ ఇంట్లో ఉండే హక్కు కూడా పెళ్లికాని బిడ్డకో, భర్త పోయిన బిడ్డకో, భర్త వదిలేసిన బిడ్డకో మాత్రమే. అంటే పొలంలో వాటా అడగొచ్చు, పుట్టిన ఇంట్లో అడగలేదు. 2005 సవరణలో ఈ సెక్షన్‌ను తీసేశారు. ఆ సవరణతోనే ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూడా కూతురికి పుట్టుకతో హక్కు వచ్చింది. 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో, 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా ఆ హక్కు ఉంటుందని తేల్చింది.

ఇవన్నీ ఫోన్లో చూసుకొని అత్త దగ్గరికి పోయా. లెక్క ప్రకారం అయిదు వాటాలు, నాయినమ్మ, ముగ్గురు కొడుకులు, అత్త. చిన్నకాక ముందే చెప్పాడు, "అక్క ఏమనదు, సంతకం పెడ్తది" అని. సంతకం అంటే వాటా వదులుకుంటున్నట్టు సంతకం.

అత్త చాయ్ పెట్టింది. అంతా విన్నది. "పైసలు నాకొద్దు అల్లుడా. అన్నదమ్ముల పైసలు తిని నేనేం బాగుపడ్త? గని సంతకం పెట్టను."

"మరి?"

"పోచమ్మకాడికి వచ్చిన ప్రతిసారి తాళంచెవి కోసం వదినెలకు ఫోన్ చేస్త. ఒగలు ఇంకొగల దగ్గరుందంటరు. నా అర్ర నాగ్గావాలె. తాళంచెవి నా కొంగుకు ఉండాలె. గంతే."

ఇంట్లో ఈ మాట చెప్పినప్పుడు కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చిన్నకాక కొంచెం గులిగాడు. పెద్దనాయిన ఒక్కటే అన్నాడు, "పదహారు స్తంభాలల్ల దానికి నాలుగు లేవా?" చివరికి అయిదుగురి పేర్లతో రాసుకున్నాం. ఎవరెంత పెట్టారో, రేపు అమ్మితే ముందు ఎవరి ఖర్చు ఎంత తీసేయాలో, ఏ అర్ర ఎవరిదో, నాయినమ్మ ఉన్నన్నాళ్లు ఎవరూ అమ్మకూడదని కూడా. ఒక జాగ్రత్త: ఇంటిని గోడలు గీసి పంచుకుంటూ పత్రం రాసుకుంటే దాన్ని రిజిస్ట్రేషన్ చేయించాలి. తెల్లకాగితం మీద రాసి పెద్దమనుషుల సంతకాలు పెట్టిస్తే కోర్టులో నిలబడదు. మూడు వేలో అయిదు వేలో ఇచ్చి ఒక వకీలుతో రాయించుకోండి. గ్రానైట్ మీద పెట్టే పైసల్లో అది ఏ మూలకు?

గ్రూపు సంగతి కూడా చెప్పాలి. 'బోరంచ ఇల్లు' అని వాట్సాప్ గ్రూపు పెట్టి, ప్రతి బిల్లూ ఫొటో తీసి వేశాం. గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు నిషేధం. పెద్దనాయిన మాత్రం ఆ రూల్ ఇప్పటికీ పాటించడు.

మరి సర్కారు పైసల మాటేంటి? ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలుపెట్టారు. సొంత జాగా ఉన్న పేదవాళ్లకు అయిదు లక్షలు, నాలుగు విడతల్లో. బేస్‌మెంట్ అయితే లక్ష, గోడలు లేస్తే లక్షా పాతికవేలు, స్లాబ్ పడితే లక్షా డెబ్బై అయిదు వేలు, మొత్తం పూర్తయితే మిగతా లక్ష. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గొద్దు, 600 దాటొద్దు. ఇల్లు లేని మనిషికి ఇది పెద్ద అండ, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ విడతలను ఇంకోసారి చదవండి. బేస్‌మెంట్, గోడలు, స్లాబ్. కారే కప్పు మార్చుకుంటా, రెండు స్తంభాలు మార్చుకుంటా, బాత్రూమ్ కట్టుకుంటా అనేవాడికి ఈ లెక్కలో గడి లేదు. దాంతో ఏమవుతుందంటే లక్షన్నరతో బాగుపడే ఇంటిని కూడా అయిదు లక్షల కోసం కూలగొడతారు. అయిదు లక్షలతో స్లాబ్ ఇల్లు అయిపోదు కాబట్టి పైనుంచి అప్పు చేస్తారు. మనూరు, కంగ్టి దిక్కు నుంచి చెరకు కొట్టడానికి వలసపోయే కుటుంబాలు మస్తు ఉన్నాయి. వాళ్లలో ఎందరికో ఆ స్లాబు ఇంకో సీజన్ వలస కింద లెక్క. మరమ్మతుకు కూడా ఒక విడత పెట్టడం అంత కష్టమైన పనా? నాకైతే అర్థం కాదు.

పన్నుల్లోనూ ఇదే చూపు. పాత పన్ను విధానంలో, మనం ఉండే ఇంటిని కట్టడానికో కొనడానికో తీసుకున్న లోన్ వడ్డీకి ఏడాదికి రెండు లక్షల దాకా మినహాయింపు. అదే ఇంటి రిపేరుకు తీసుకున్న లోన్ అయితే ముప్పై వేలే.

ఇంత డబ్బున్నోళ్ల ముచ్చట ఎందుకని అనకపోతే ఒక ఉదాహరణ. కామారెడ్డి జిల్లాలో దోమకొండ కోట ఉంది. కామినేని వాళ్లది, ఉపాసన తాతల ఊరు. రామ్‌చరణ్‌తో నిశ్చితార్థం అక్కడే అయింది, ఆ ఫొటోలు మీలో చాలామంది చూసే ఉంటారు. పాడుబడ్డ సొంత కోటను ఆ కుటుంబమే బాగు చేయించుకుంది. 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ అవార్డుల్లో దానికి మెరిట్ అవార్డు వచ్చింది. మనకు కోట లేదు, యునెస్కో మన వాడకు రాదు. కానీ సొంత ఇంటిని సొంతవాళ్లే, కూలగొట్టకుండా, మళ్లీ వాడుకునేలా చేసుకోవచ్చని చూడటానికి వందేసి మైళ్లు పోనక్కర్లేదు.

చివరగా పెంచుడు. నాయినమ్మ బాత్రూమ్, దానికి ఆనుకొని ఒక అర్ర, వంటిల్లు. కొట్టం ఉన్న జాగాలో. ఇక్కడ ఇంజినీర్‌ను పిలిచి పైసలిచ్చాం, అందులో మాత్రం పిసినారితనం చేయలేదు. కారణం నేల. మంజీర ఒడ్డున నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకొని చేయి పట్టేంత నెర్రెలు విడుస్తుంది. దాని మీద నిలబడ్డ ఏ ఇల్లయినా ఏడాదికోసారి పైకి లేచి కిందికి దిగుతుంటుంది, మనకు తెలియదంతే. నల్లరేగడి లోతుగా ఉంటే మూడున్నర మీటర్ల దాకా ఈ ఊపు ఉంటుంది. అందుకే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వాళ్లు ఇట్లాంటి నేలల కోసం అడుగున గుండ్రంగా ఉబ్బెత్తుగా ఉండే పైల్ పునాది తయారు చేశారు. మాకు అదృష్టం కొద్దీ అయిదడుగుల లోతులో మొరం తగిలింది. పునాది మొరంలోకి దించాం. తవ్విన నల్లమట్టిని మళ్లీ గుంతలో పోయనీయలేదు, మొరమే నింపించాం.

కొత్తదాన్ని పాతదానికి ఎట్లా కలపాలి? కలపకూడదు. చాలా ఇళ్లు చీలేది ఇక్కడే. పాత గోడ ఎనభై ఏళ్లు కూర్చొని కుదురుకుంది. కొత్త పునాది మొదటి రెండు మూడు వానకాలాలు ఇంకా కూర్చుంటూనే ఉంటుంది. రెండింటినీ ఒకే గోడగా కట్టేస్తే ఒకటి దిగుతుంటే ఇంకోటి రానంటుంది, మధ్యలో చీలుతుంది. మేం రెండింటి నడుమ అంగుళం సందు వదిలాం. ఆ సందులో థర్మాకోల్, పైన వాన పడకుండా రేకు మడత. కొత్త కాలమ్‌లను పాత గోడకు మూడడుగుల దూరంలో పెట్టి, అక్కడి నుంచి స్లాబ్‌ను ముందుకు చాపించాం. పాత గోడ పక్కన ఆనుకొని గుంత తవ్వితే దాని కాళ్ల కింది మట్టి జారుతుంది మరి. మేస్త్రీకి ఇది అస్సలు నచ్చలేదు. "మూడడుగులు ఉత్తగనే పోతున్నయి సార్" అని రోజూ అన్నాడు. ఆ మూడడుగుల్లో ఇప్పుడు నాయినమ్మ ఎండు మిరపకాయలు ఆరబోస్తోంది. బాత్రూమ్ నీళ్ల గుంతను మాత్రం మట్టి గోడలకు వీలైనంత దూరంగా, దొడ్డి చివర్న పెట్టించాం.

ఎప్పుడు కూలగొట్టాలి అని అడుగుతారు. స్తంభాల్లో సగం పోయినప్పుడు. దారానికి గుండు కట్టి పైనుంచి వేలాడదీస్తే గోడ మధ్యలో అరచేయి వెడల్పు పొట్ట కనిపించినప్పుడు. రాతికట్టు కిందే జారినప్పుడు. అప్పుడు తాత జ్ఞాపకం అని ఆగకండి, ఆ ఇంట్లో ఎవరినీ పడుకోనీయకండి. చీలిక ఒక్కటే ఉందంటే మాత్రం ముందు దాన్ని కనిపెట్టుకొని ఉండండి. చీలిక రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో అడ్డంగా గీత గీసి, పక్కన తారీఖు రాయండి. నెలకోసారి, ప్రతి పెద్ద వాన తర్వాతా, అదే చోట నిలబడి పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి ఫోన్‌తో ఫొటో తీయండి. చీలిక గీత దాటిందా, వెడల్పు పెరిగిందా తెలిసిపోతుంది. ఏడాది ఫొటోలు చేతిలో ఉంటే ఇంజినీర్ పావుగంటలో చెప్పగలడు. ఊరికే వచ్చి చూసిపొమ్మంటే ఆయన కూడా "కూలగొట్టండి" అనే అంటాడు, అది ఆయనకు సేఫ్.

మా ఇంట్లో ఏడు చీలికలకు గీతలు పెట్టాం. రెండు వానకాలాల్లో ఆరు కదల్లేదు. వంటింటి పక్క గోడది మాత్రం మొన్న ఆగస్టులో గీత దాటి అర అంగుళం పోయింది. అది అత్త అర్ర గోడ. దసరా దాటినంక ఆ ఒక్క గోడను విప్పి, అదే మట్టిని నానబెట్టి మళ్లీ పెట్టించాలి. డెబ్బై ఏళ్ల మేస్త్రీ వస్తానన్నాడు, కొడుకును కూడా తీసుకురమ్మని అడిగాం. తారీఖు ఇంకా చెప్పలేదు. తాళంచెవి అత్త దగ్గరే ఉంది, ఆమె వస్తేగాని పని మొదలుకాదు.